ఎటు పోతే ప్లస్

1957 జనవరి 7, సోమవారం

ఈ రోజు కూడా క్లాసులో నోరు తెరవలేదు. వెనక బెంచీలో గోడకు ఆనుకుని కూర్చుంటే పెద్దవాడిననే సంగతి కొంచెం తక్కువగా కనిపిస్తుంది. నాకు పదిహేడు. తొమ్మిదో తరగతిలో మిగిలినవాళ్ళకు పద్నాలుగు. ఉర్దూ బడిలో నాలుగు క్లాసులు చదివాక గొర్రెల వెంట తిరిగిన ఏళ్ళు ఎక్కడికి పోతాయి? మీసాలై వచ్చి మూతి మీద కూర్చున్నాయి.

గౌస్ సార్ ఫిజిక్స్ చెబుతూ మధ్యలో ఆగిపోయారు. బంతి గోడకు తగిలింది, తిరిగి వచ్చింది. అక్కడ సార్‌కు తెలుగు మాట దొరకలేదు. చాక్‌పీసు వేళ్ళ మధ్య తిప్పుతూ కిటికీ వైపు చూశారు. మేమంతా కూడా కిటికీ వైపు చూశాం. అక్కడ మాట లేదు, బండలు మోసుకెళ్ళే ఎడ్లబండి ఉంది.

బెల్లు కొట్టాక నన్ను ఆగమన్నారు. నా పక్కన కూర్చునే యోహాను కూడా తలుపు దగ్గర ఆగాడు. వాడికి ఎవరి సంగతైనా కావాలి.

ఉగాది నుంచి మా స్కూల్లో ఉర్దూలో పాఠాలు ఉండవట, అన్నీ తెలుగులోనేనట. ఇన్స్పెక్టర్ గారు వచ్చి సార్ పాఠం వింటారట. తెలుగులో చెప్పగలిగితే సార్ ఇక్కడే ఉంటారు. లేకపోతే చిన్నపిల్లల బడికి దించి ఆదిలాబాద్ అవతలికి పంపుతారు.

"నీకు ఉర్దూ వొస్తది, తెలుగు వొస్తది" అన్నారు సార్. "షామ్‌కు ఇంటికి రా బేటా. నువ్వు నాకు తెలుగు చెప్పు. నేను నీకు ఫిజిక్స్ చెప్త. హిసాబ్ బరాబర్."

తల ఊపాను. అవునని ఊపానో కాదని ఊపానో నాకే తెలియదు.

బయటికి వచ్చాక యోహాను నా వీపు మీద ఒకటి చరిచాడు. "సార్‌కే సారువైనవ్ గదరా ఈరిగా! ఫెయిలైతే గుంజీలు తీపిస్తవా ఏంది?"

జనవరి 8

పోను. నాకు నేర్పడం ఏం వచ్చు?

జనవరి 9

పోయాను.

జనవరి 10, గురువారం

నిన్న రాయబుద్ధి కాలేదు. ఈ రోజు రాస్తాను.

సార్ ఇల్లు తాండూరు స్టేషన్ వెనక సందులో ఉంది. గుమ్మంలోనే సార్ తల్లి కూర్చుని ఉంటుంది. అందరూ దాదీమా అంటారు. కళ్ళు రెండూ కనిపించవు. నా చెప్పుల చప్పుడు విని దగ్గరికి పిలిచి మొహమంతా తడిమింది. మీసాల దగ్గర చెయ్యి ఆగింది.

"గౌస్, నీ స్టూడెంటా, నీ దోస్తా?" అని అడిగింది ఉర్దూలో.

దాదీమా లేచి లోపలికి నడిచింది. కర్ర లేదు, తడుముకోవడం లేదు. ఇక్కడ గడప, ఇక్కడ నీళ్ళ కుండ, ఇక్కడ మంచం కోడు. వేళ్ళ చివరలతో ఆ ఇల్లంతా ఆమెకు తెలుసు. ఆమె పోయాక సార్ చిన్నగా అన్నారు. "ఆదిలాబాద్‌ల కొత్త ఇంట్ల ఈమె ఎట్ల నడుస్తది? అదే నా ఫికర్."

 

సార్ ఒక తలుపు వెనకవైపు నల్లరంగు పూసుకున్నారు. అదే మా బోర్డు. దాని మీద ఎడమ పక్కన గోడ గీశారు. బంతి కుడి నుంచి ఎడమకు వచ్చి గోడకు తగులుతుంది. ఉర్దూ రాసినట్టే.

"కలం ఇటు పోతది. బంతి కూడ ఇటు పోతది. ఇటు పోతే ప్లస్, తిరిగి వొస్తే మైనస్" అన్నారు.

మా తెలుగు పుస్తకం తీసి చూపించాను. అందులో గోడ కుడి పక్కన ఉంది. బంతి ఎడమ నుంచి కుడికి పోతుంది. కుడికి పోతే ప్లస్.

సార్ కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని చూశారు. "అరే, ఉల్టా వేసిండ్రు!"

నాకు నవ్వు వచ్చింది. ఆపుకున్నాను. సార్ నవ్వారు. అప్పుడు నేను కూడా నవ్వాను.

ముప్పై ఏళ్ళుగా సార్ బంతి ఎడమకే పోతోంది. ఇప్పుడు దాన్ని ఎవరు తిప్పుతారు?

జనవరి 16

బరువును వేగంతో గుణిస్తే ద్రవ్యవేగం. బరువు అనకూడదు, ద్రవ్యరాశి అనాలి. నేను సార్‌కు ఆ మాట చెప్పాను. సార్ నాకు దాని అర్థం చెప్పారు. ఆ మాట ఆయన నాలుకకు ఎక్కడానికి ఒక సాయంత్రం పట్టింది. ఆ అర్థం నా బుర్రకు ఎక్కడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

దేవమ్మ అత్త అడిగింది. నేను ఉండేది ఆమె ఇంట్లోనే. "రోజు గా తురక సారు ఇంటికి ఏం పనిరా నీకు? వాళ్ళ కట్టెలు గిట్ల గొడ్తున్నవా?"

"చదువుకుంటున్న అత్తా."

"మరి ఇంత సంబురం ఏంది మొకం మీద? చదువుకునే పోరగాండ్ల మొకం నాకు దెల్వదా?"

నేను ఫిజిక్స్ కోసమే పోతున్నాను. అంతకన్నా ఏం లేదు.

జనవరి 20, ఆదివారం

నాయిన అంగడికి వచ్చాడు. భుజం మీద గొంగడి, వెంట పెద్ద పొట్టేలు. దౌల్తాబాద్ దగ్గర పందెంలో దాని కొమ్ము ఒకటి విరిగింది. ఇక పందేనికి పనికిరాదని అమ్మడానికి తెచ్చాడు. అక్కడే గౌస్ సార్ కూరగాయల సంచితో ఎదురుపడ్డారు. నాయినకు నమస్తే చెప్పి, ఏమీ తోచక పొట్టేలు వైపు చూశారు. చూశాక ఆయనకు పాఠం గుర్తొచ్చింది. ఆయనకు ఏది చూసినా పాఠమే గుర్తొస్తుంది.

"ఈరయ్యా, వంద పౌన్ల పొట్టేలు ఇటు పది అడుగుల వేగంతో పోతది. ఇంకోటి, అదీ వంద పౌన్లే, అటు నుంచి పది అడుగుల వేగంతో వొస్తది. రెండు కలిస్తే ద్రవ్యవేగం ఎంత?"

"ఒకటి ప్లస్ వెయ్యి, ఇంకోటి మైనస్ వెయ్యి" అన్నాను. "సున్నా సార్."

నాయిన నా మొహం చూశాడు, సార్ మొహం చూశాడు. "సున్ననా? నా పొట్టేలు కొమ్ము ఇరిగె, నెత్తురు గారె, రెండు దినాలు మేత ముట్టకపాయె. నా కొడుక్కు సున్న అని నేర్పిస్తున్నవా సారూ?"

సార్ పకపకా నవ్వారు. సంచిలోంచి ఒక వంకాయ కూడా కింద పడింది. పొట్టేలు దాన్ని తినేసింది.

తర్వాత సార్ నాకు విడిగా చెప్పారు. సున్నా అంటే ఏమీ జరగలేదని కాదు. రెండు సమానంగా ఎదురెదురు వచ్చాయని. ఇది బాగా గుర్తు పెట్టుకున్నాను. సున్నా వచ్చినంత మాత్రాన భయపడకూడదు.

ఫిబ్రవరి 4, సోమవారం

పదిహేనో తేదీన ఇన్స్పెక్టర్ గారు వస్తారు. బంతి, గోడ పాఠమే చెప్పాలని సార్ నిర్ణయించుకున్నారు. అది ఆయనకు బాగా వచ్చిన పాఠం. మధ్యలో ఒక విద్యార్థిని బోర్డు దగ్గరికి పిలిచి లెక్క చేయించాలి.

"నువ్వు రా" అన్నారు.

నలభై మంది ముందు. ఇన్స్పెక్టర్ ముందు. సరే అన్నాను.

ఫిబ్రవరి 13

భయం ఏమీ లేదు. కడుపులో నొప్పి నిన్నటి జొన్న గట్క వల్ల.

ఫిబ్రవరి 14

అత్త కూడా అదే గట్క తిన్నది. ఆమె బాగానే ఉంది.

ఫిబ్రవరి 15, శుక్రవారం

ఇన్స్పెక్టర్ గారు తెల్లబట్టల్లో వచ్చి వెనక, నా పక్కనే కూర్చున్నారు. యోహానును ముందు బెంచీకి పంపారు. ఆయన మోకాలు నా మోకాలికి తగులుతూ ఉండింది. జరగాలంటే చోటు లేదు.

సార్ బాగా మొదలుపెట్టారు. ద్రవ్యరాశి అన్నారు, ద్రవ్యవేగం అన్నారు, తడబడలేదు. నేను లోలోపల ఒక్కో మాట ఆయనతో పాటు పలుకుతున్నాను. తర్వాత బొమ్మ గీయడానికి తిరిగారు. కంగారులో ఆయన చెయ్యి పాత దారినే పోయింది. గోడ ఎడమ పక్కన వచ్చింది. బంతి ఎడమకు పోతున్నట్టు బాణం గీసి, పక్కన ప్లస్ ఇరవై అని రాశారు. రెండు పౌన్ల బంతి, సెకనుకు ఇరవై అడుగుల వేగం. అదే వేగంతో తిరిగి వచ్చింది. ద్రవ్యవేగం ఎంత మారింది?

"ఈరయ్యా, రా."

నడిచాను. సార్ చేతిలోని చాక్‌పీసు తీసుకున్నాను.

తిరిగి వచ్చే బంతి కుడి వైపు పోతోంది. కుడికి పోతే ప్లస్ అని మా తెలుగు పుస్తకంలో ఉంది. ఇది తెలుగు పాఠం. ఇన్స్పెక్టర్ గారు చూసేది తెలుగే. ప్లస్ ఇరవై అని రాశాను. రెండు పౌన్లతో గుణిస్తే అదీ నలభై, ఇదీ నలభై; ప్లస్ నలభై లోంచి ప్లస్ నలభై తీసేస్తే సున్నా. సున్నా వచ్చినంత మాత్రాన భయపడకూడదు కదా, పొట్టేళ్ళకు కూడా వచ్చింది. సున్నా రాసి కింద గీత కూడా గీశాను.

వెనక నుంచి ఇన్స్పెక్టర్ గారి గొంతు వినిపించింది. "అంటే బంతి గోడకు తగిలి వెనక్కి వచ్చింది, బంతికి మాత్రం ఏమీ కాలేదు. అంతేనా బాబూ?"

క్లాసంతా నవ్వింది. యోహాను నవ్వలేదు. అది చూశాను.

"ఇది మీ సార్ చెప్పిన పద్ధతేనా?"

కాదు అనాలి. సగం సార్‌ది, సగం పుస్తకానిది అనాలి. అప్పటికి అది నాకూ స్పష్టంగా తెలియదు. ఏదో పట్టు తప్పిందని మాత్రం తెలుస్తోంది. సార్ వైపు చూశాను. సార్ నా వైపు చూసి, తర్వాత ఇన్స్పెక్టర్ గారితో అన్నారు.

"తప్పు నాది సార్. ఎటు పోతే ప్లస్సో పిల్లగానికి నేను సాఫ్‌గ చెప్పలేదు."

ఇన్స్పెక్టర్ గారు ఏదో రాసుకున్నారు. పొడుగ్గా రాసుకున్నారు.

 గొంతు పట్టేసింది. పొద్దున చల్లనీళ్ళు తాగాను, అందుకని.

ఫిబ్రవరి 16

గొంతు బాగానే ఉంది.

ఫిబ్రవరి 17, ఆదివారం

యోహాను ఇంటికి వచ్చాడు. వాడు మిషన్ బోర్డింగ్‌లో ఉంటాడు, ఆదివారం ప్రార్థన అయ్యాక బయటికి వదులుతారు. చేతిలో పాత టెన్నిస్ బంతి ఉంది.

"రెండు పౌన్ల బంతి ఏడ దొరుకుతదిరా? గది బంతి గాదు, గుమ్మడికాయ. అందుకే ఎనక్కి రాలే" అన్నాడు. నేను నవ్వలేదు. వాడు కూచున్నాడు.

"హెడ్మాస్టర్ మా వార్డెన్ సార్‌తోని అంటుంటె ఇన్న. ఇన్స్పెక్టర్ సారు వికారాబాద్ డాక్ బంగ్లాల మంగళారం దాంక ఉంటడంట. ఆడికెల్లి రిపోర్ట్ హైద్రాబాద్‌కు పోతది. గౌస్ సార్‌కు బరాబర్ రాలే అని రాసిండంట."

అత్త ఇంటి గోడకు బంతి కొట్టాను. తిరిగి వచ్చింది. మళ్ళీ కొట్టాను. సార్ లెక్కలో గోడ వైపు పోతే ప్లస్, తిరిగొస్తే మైనస్. మరి నేను తిరిగొచ్చేదాన్ని కూడా ప్లస్ అన్నాను. ఎందుకన్నాను?

"నువ్వు గిట్ల నిలబడు" అని యోహానును నాకు ఎదురుగా నిలబెట్టాను. "గోడ నాకు ఎడమ పక్కకు ఉంది. నీకు?"

"కుడి పక్కకు."

"బంతి గోడకు పోతుంటే నాకు ఎడమకు, నీకు కుడికి."

"అయితే?"

"పోయేటప్పుడు నీ లెక్కన ప్లస్ అన్న. వొచ్చేటప్పుడు నా లెక్కన ప్లస్ అన్న."

యోహాను కాసేపు ఆలోచించాడు. వాడికి లెక్కలు రావు, కాని మనిషి తెలివైనవాడు. "అంటే సగం సార్ బుర్ర, సగం పుస్తకం బుర్ర పెట్టుకోని లెక్క చేసినవ్. నడిమిట్ల గుండు సున్న."

అంతే. అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. సార్ పద్ధతి తప్పు కాదు. పుస్తకం పద్ధతీ తప్పు కాదు. ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా వదలకూడదు, అంతే. వదిలింది నేను. రిపోర్టులో పడింది సార్ పేరు.

"పోయి చెప్పరాదు ఇన్స్పెక్టర్‌కు?" అన్నాడు యోహాను.

"నేనా?"

"మరి నేనా? నాకు గుమ్మడికాయ ఒక్కటే తెలుసు."

సాయంత్రం సార్ ఇంటికి పోయాను. సార్ పాఠం గురించి ఒక్క మాట అనలేదు. తలుపు మీద ఏమీ రాయలేదు. దాదీమా మాత్రం ఆదిలాబాద్‌లో చలి ఎక్కువా అని అడిగింది. ఆమెకు ఎవరు చెప్పారు? గొర్రెలు కాసేవాడివి కదా, నీకు తెలిసి ఉంటుంది అంది. తెలియదన్నాను.

ఫిబ్రవరి 18, సోమవారం

పోను. ఇది పెద్దవాళ్ళ సంగతి. ఒక పిల్లవాడు పోయి చెబితే ఇంకా చెడుతుంది. ఇన్స్పెక్టర్ గారికి కోపం వస్తుంది. సార్‌కు నామోషీ అవుతుంది. పోకపోవడమే సార్‌కు మంచిది. బాగా ఆలోచించే ఈ మాట రాస్తున్నాను.

ఫిబ్రవరి 19, మంగళవారం

పొద్దున ప్యాసింజర్‌కు వికారాబాద్ పోయాను. అత్తతో స్కూలుకు అని చెప్పాను. ధారూరు దాటేదాకా ఇన్స్పెక్టర్ గారితో చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకున్నాను. నమస్కారమండి, నేను తాండూరు నుంచి వచ్చానండి. 'అండి' పలకడం నాకు అలవాటు లేదు. ఎదురుగా కూర్చున్న ఆకుకూరల అవ్వ నన్నే చూసి, "పెండ్లి సూపులకు పోతున్నవా బిడ్డా?" అంది.

కాదన్నాను.

"మరి గంత చెమట ఏందిరా?"

డాక్ బంగ్లా వాచ్‌మన్ మెట్ల దగ్గరే ఆపాడు. "ఎవ్వలు గావాలె?"

నోరు తెరిచాను. మాట రాలేదు. ధారూరు దాటేదాకా ఉన్న మాటలన్నీ రైల్లోనే పోయాయి.

"ఎవ్వలు గావాలెరా? మూగోనివా?"

వరండాలో ఇన్స్పెక్టర్ గారు గడ్డం గీసుకుంటున్నారు. అద్దంలో నన్ను చూశారు. తిరిగి చూడలేదు, అద్దంలోంచే అన్నారు. "సున్నా తెచ్చిన అబ్బాయివి కదూ? రానివ్వు."

పైకి ఎక్కాను. ఇప్పుడు కూడా మాట రావడం లేదు. వరండా అంతా మా తాండూరు బండలే పరిచి ఉన్నాయి. నున్నగా, నీలంగా. జేబులో చాక్‌పీసు ఉంది. కింద కూర్చున్నాను.

ఎడమ పక్కన గోడ గీశాను. బంతి గీశాను. పైన ఎడమకు ఒక బాణం గీసి ప్లస్ అని రాశాను. గోడ వైపు పోయే వేగం ప్లస్ ఇరవై. తిరిగొచ్చే వేగం మైనస్ ఇరవై. రెండు పౌన్లతో గుణిస్తే ద్రవ్యవేగంలో మార్పు మైనస్ ఎనభై. దాని కిందే అదే గోడ, అదే బంతి మళ్ళీ గీశాను. ఈసారి పైన బాణం కుడికి. పోయే వేగం మైనస్ ఇరవై. తిరిగొచ్చేది ప్లస్ ఇరవై. మార్పు ప్లస్ ఎనభై.

ఇన్స్పెక్టర్ గారు సగం గడ్డం సబ్బుతో వచ్చి నా వెనక నిలబడ్డారు. ఆ నీడ బొమ్మ మీద పడింది.

"ఒకటి మైనస్ ఎనభై, ఒకటి ప్లస్ ఎనభై. రెండూ ఎలా సరి అవుతాయి?"

అప్పుడు మాట వచ్చింది. ఎందుకంటే అది లెక్క గురించిన ప్రశ్న.

"పైదాంట్ల ఎడమ ప్లస్ సార్. మైనస్ అంటే కుడి. కిందిదాంట్ల కుడి ప్లస్. ప్లస్ అంటే కుడే. రెండిట్ల దెబ్బ ఎనభయే, కుడి దిక్కే. బంతిని గోడ కాడికెల్లి ఎనక్కి తోలింది. గుర్తు మారింది గని బంతి మారలే."

"మరి మొన్న సున్నా?"

"అది నాది సార్. గౌస్ సార్ పైన బొమ్మ లెక్క షురూ చేసిండు. నేను పోయి కింద బొమ్మ లెక్క ముగించిన. సార్ తప్పు చెప్పలే. సార్ ఉర్దూల చదివిండు, అందుకని ఎడమకు గీస్తడు. నేను పుస్తకం జూసి కుడికి చేసిన. రెండు కలిపిన."

"ఇది నీకు ఎవరు చెప్పారు?"

"గౌస్ సారే. సార్ చెప్పిందే సార్ ఇది. సార్ ఉర్దూల జెప్తడు, నేను తెలుగు మాట జెప్త. రోజు షామ్‌కు."

ఇన్స్పెక్టర్ గారు తువ్వాలుతో సబ్బు తుడుచుకున్నారు. చాలాసేపు ఆ బండ వైపే చూశారు. వాచ్‌మన్ కూడా వచ్చి చూస్తున్నాడు, ఏదో ముగ్గు వేసినట్టు.

"మొన్న క్లాసులో ఈ మాట ఎందుకు అనలేదు?"

 కింద బండ వైపే చూశాను.

"మీ సార్ పంపారా నిన్ను?"

"లేదు సార్. సార్‌కు తెల్వది. సార్ తల్లికి కండ్లు కనపడయ్. ఆమెకు ఆ ఇల్లు తప్ప తెల్వది."

ఆ మాట నేను అనాలనుకోలేదు. అది లెక్కలోది కాదు.

"అది నేను రిపోర్టులో రాయలేను" అన్నారు ఆయన. కోపంగా అనలేదు. "నీ లెక్క కూడా రాయలేను. నేను చూడాల్సింది నిన్ను కాదు, ఆయనను. ఆయన మాట పిల్లలకు చేరుతోందా లేదా, అంతే." మళ్ళీ అద్దం దగ్గరికి పోయారు. "మార్చి ఒకటిన తాండూరు వస్తాను. అదే పాఠం, అదే క్లాసు. అప్పటిదాకా రిపోర్టు నా దగ్గరే ఉంటుంది. ఆ రోజు కూడా ఇలాగే అయితే నేను చేయగలిగింది ఏమీ లేదు. తెలిసిందా?"

తల ఊపాను.

"వాచ్‌మన్, ఆ బండ కడగకు. నేను గడ్డం పూర్తి చేసి ఇంకోసారి చూడాలి."

తిరిగొచ్చేటప్పుడు ప్యాసింజర్‌లో నిలబడటానికి కూడా చోటు లేదు. నిలబడే వచ్చాను. నేను వికారాబాద్ పోయిన సంగతి సార్‌కు చెప్పలేదు. చెప్పే పని ఏముంది?

ఫిబ్రవరి 20

మార్చి ఒకటిన ఇంకోసారి వింటారని హెడ్మాస్టర్ సార్‌కు చెప్పారు. సార్ నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను.

ఫిబ్రవరి 24, ఆదివారం

తలుపు మీద మళ్ళీ రాశాం. సార్ చేతిని కుడికి తిప్పాలని నేను పట్టుబట్టాను. గోడ కుడికి గీయండి, పుస్తకంలోలాగే, ఎవరూ ఏమీ అనరు అన్నాను. సార్ ఒకసారి గీశారు, రెండుసార్లు గీశారు, మూడోసారి చెయ్యి ఎడమకే పోయింది.

"నేను కుడికి గీయడం నేర్చుకుంటే చాలదు బేటా" అన్నారు. "ఇంకో పిల్లగాడు నీ లెక్కనే మధ్యల మారుస్తడు. గోడ ఏడుంటే ఏముంది? ముందు ఎటు ప్లస్సో ఒప్పుకోవాలె."

"ఎవరు ఒప్పుకోవాలె సార్?"

సార్ చాక్‌పీసు జేబులో వేసుకుని అటూ ఇటూ నడిచారు.

ఫిబ్రవరి 28

కడుపు నొప్పి. కారణం గట్క కాదు.

మార్చి 1, శుక్రవారం

ఇన్స్పెక్టర్ గారు మళ్ళీ నా పక్కనే కూర్చున్నారు. నన్ను ఎరగనట్టే కూర్చున్నారు.

సార్ బోర్డు మీద గోడ గీయలేదు. బంతి గీయలేదు. ఉత్త బోర్డు ముందు నిలబడి మా వైపు తిరిగారు.

"పిల్లలూ, బంతి వొకటి ఉంది. గోడ వొకటి ఉంది. గోడ కుడికి పెడుదాం. ఇప్పుడు మీరు చెప్పండి. ఎటు పోతే ప్లస్ అందాం?"

క్లాసు బిత్తరపోయింది. ఇట్లా మమ్మల్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. లెక్కలో ఏదైనా మేము నిర్ణయించవచ్చని మాకు తెలియదు. తర్వాత ముందు బెంచీవాళ్ళు "కుడి" అన్నారు. అందరూ కుడి, కుడి అన్నారు.

"ఎవరన్నా వేరే అంటరా?"

సార్ నా వైపు చూడలేదు. చూసి ఉంటే లేచేవాడిని కాదు.

లేచాను. బెంచీ కిర్రుమంది. "ఎడమ" అన్నాను.

అందరూ వెనక్కి తిరిగారు. ఎవరో కిసుక్కున నవ్వారు. యోహాను మాత్రం గట్టిగా అన్నాడు, "ఎడమే పెట్టుండ్రి సార్! ఈరిగాడు ఏడాది పొడుగూత ఒక్క మాటనే మాట్లాడిండు!"

ఈసారి నవ్వు వేరేగా వచ్చింది. నేను కూడా నవ్వాననుకుంటా.

"ఠీక్. ఎడమ" అన్నారు సార్. బోర్డు పైన ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎడమకు ఒక పొడుగు బాణం గీశారు. దాని మీద పెద్ద ప్లస్ పెట్టారు. "ఇది ఇప్పుడు మన మాట. పాఠం అయినదాక దీన్ని ఎవరు తుడవొద్దు. నేను కూడ తుడవొద్దు."

గోడ కుడికి గీశారు. బంతి కుడికి పోతోంది. "ఇది ప్లస్సా, మైనస్సా?" పైన బాణం వైపు వేలు చూపించారు. "మైనస్" అన్నారు అందరూ. మైనస్ ఇరవై. తిరిగొచ్చేది? ప్లస్ ఇరవై. రెండు పౌన్ల బంతి. ముందు బెంచీ పిల్లవాడొకడు లేచి లెక్క చేశాడు. ప్లస్ ఎనభై.

ఇన్స్పెక్టర్ గారు లేచారు. "కుడి ప్లస్ అనుకుంటే ఎంత వస్తుంది?"

యోహాను లేచాడు. నాకు భయమేసింది. వాడు వేళ్ళు మడిచాడు, పైకప్పు చూశాడు. "మైనస్ ఎనభై సార్."

"ఒకే బంతి, ఒకే గోడ, రెండు జవాబులు. ఏది నిజం?" ఇన్స్పెక్టర్ గారు ఈ ప్రశ్న పిల్లలను అడగలేదు. సార్‌ను అడిగారు.

సార్ ఆగారు.  ఆయన కిటికీ వైపు చూడలేదు. ఉర్దూలోకి పోలేదు. ఒక్కో మాట ఏరుకుంటూ, మధ్యలో గుక్క తిప్పుకుంటూ చెప్పారు.

"బంతికి అడగండి సార్. బంతికి చదువు రాదు. ఉర్దూ రాదు, తెలుగు రాదు. అది గోడకు పోయింది, దెబ్బ తిన్నది, ఎనక్కి వొచ్చింది. అది వొకటే నిజం. ప్లస్, మైనస్ మనం రాసినయి. మనం రాసినంక మనమే మాట మీద ఉండాలె. అంతే."

 ఇన్స్పెక్టర్ గారు మా వైపు తిరిగి, "అర్థమైందా?" అన్నారు. అందరూ అయిందన్నారు. నేను కూడా గట్టిగానే అన్నాను.

ఆయన కలం తీసి రాశారు. చిన్నగా రాశారు. తర్వాత సార్ దగ్గరికి పోయి అందరికీ వినిపించేలా అన్నారు. "గౌస్ గారు, మీ తెలుగు బాగాలేదు."

సార్ తల దించుకున్నారు.

"పాఠం మాత్రం నాకే ఇప్పుడు సరిగ్గా అర్థమైంది. మీరు ఎక్కడికీ పోనక్కరలేదు. ఇక్కడే ఉండి తెలుగు బాగు చేసుకోండి."

ఇద్దరూ మాట్లాడుకుంటూ గేటు దాకా నడిచారు. ఏం మాట్లాడుకున్నారో వినిపించలేదు. సార్ ఒకసారి ఆగి, క్లాసు కిటికీ వైపు తిరిగి చూశారు.

ఆ బాణాన్ని ఎవరూ తుడవలేదు. తర్వాతి పీరియడ్ తెలుగు సార్ వచ్చి, "ఇదేంది?" అన్నారు. యోహాను చెప్పాడు, "ముట్టకుండ్రి సార్, ఒప్పందం."

మార్చి 2, శనివారం

సాయంత్రం పోయాను. సార్ గడపలోనే నిలబడి ఉన్నారు. లోపలికి రమ్మనలేదు. నన్ను కింది నుంచి పైదాకా చూశారు.

"వికారాబాద్ డాక్ బంగ్లాల చాయ్ ఎట్లుంటది బేటా?"

"ఇయ్యలే సార్" అన్నాను.

అన్నాక తెలిసింది ఏమన్నానో. చెవులు వేడెక్కాయి. సార్ నా భుజం మీద చెయ్యి వేసి లోపలికి తిరిగి, రెండు కప్పుల చాయ్ పెట్టమని దాదీమాకు చెప్పారు.